బెత్తం పక్కన పెట్టండి, బ్రెయిన్ మ్యాపింగ్‌కు అప్పు చేయకండి!



పిల్లాడు పది నిమిషాలు కుదురుగా కూర్చోడు. పొద్దున ఇచ్చిన పెన్సిలు మధ్యాహ్నానికి ఉండదు. పిలిస్తే పలకడు, మొదలెడితే ఆగడు. వాడిది పొగరంటాం. గారాబం చేసి చెడగొట్టిందని తల్లిని ఆడిపోసుకుంటాం (తండ్రిని ఎవరూ ఏమీ అనరెందుకో!). ఆడపిల్లయితే అల్లరి కూడా ఉండకపోవచ్చు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, నెమ్మదస్తురాలని వదిలేస్తాం. ఇదంతా ఏడీహెచ్‌డీ కావచ్చు, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరను ఆపుకోలేకపోవడం.

నాలుగు తగిలిస్తే దారికొస్తారనేవాళ్లు ఇది వినండి. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల మెదళ్లను, లేని 223 మందితో పోల్చింది. మెదడు పైపొరలో సగభాగం పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో దాదాపు ఏడున్నరేళ్లు, వీళ్లలో పదిన్నర. ఆలస్యమంతా ఎక్కువగా నుదుటి వెనకే. తొందరను ఆపుకోవడం, ధ్యాస నిలపడం చూసుకునేది ఆ భాగమే. కాళ్లూ చేతులూ కదిపే భాగం మాత్రం ఒకింత ముందే ఎదిగింది! ఇక వాడు కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? బడిలో కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది కూడా.

అలాగని పెద్దయితే అదే పోతుందని చేతులు కట్టుకోకండి. చాలామందికి పెద్దయ్యాకా ఉంటుంది.

బ్రెయిన్ మ్యాపింగ్ పేరిట ఒక మోసం కూడా ఉంది. తలకు వైర్లు అంటించి, రంగుల పటం చూపించి, ఇదిగో మీవాడి జబ్బు అంటే నమ్మకండి. షా చెప్పింది వందలమంది సగటు. ఒక్క పిల్లాడి స్కాను చూసి ఏడీహెచ్‌డీ తేల్చలేరు. ఆ వైర్లు చూపే మెదడు తరంగాల్లో తీటా, బీటాల నిష్పత్తిని డాక్టరు పరీక్షకు బదులుగా వాడొద్దని అమెరికా నాడీవైద్యుల అకాడమీ 2016లోనే చెప్పింది. ఫిట్స్ అనుమానంతో డాక్టరు ఇ.ఇ.జి. (మెదడు తరంగాల పరీక్ష) రాస్తే అది వేరే సంగతి, తప్పక తీయించండి.

ఏడీహెచ్‌డీని తేల్చేది ఓపికగా అడిగే ప్రశ్నలే. పన్నెండేళ్లలోపే మొదలైందా? ఆరు నెలలుగా ఉందా? ఇంట్లోనూ బడిలోనూ ఉందా? అందుకే టీచరు మాట కూడా డాక్టరుకు కావాలి. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు మందులు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ.

ప్రభుత్వ బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే ఆర్.బి.ఎస్.కె. (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం చూడాల్సిన వాటిలో ఏడీహెచ్‌డీ ఉంది. ప్రైవేటు బడి పిల్లలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. ఎటూ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

టీచర్లూ, వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి. తల్లిదండ్రులూ, వచ్చే పేరెంట్స్ మీటింగులో ఆర్.బి.ఎస్.కె. టీం మన బడికి ఎప్పుడొస్తుందో హెడ్మాస్టరుగారిని అడగండి. ఆ రోజు మాత్రం పిల్లల్ని బడి మాన్పించకండి.

— బడి గేటు దగ్గర రోజూ మీకు కనిపించే కొందరు తల్లిదండ్రులు