రైలుపెట్టెల బలపరీక్ష

2023వ సంవత్సరము జూన్ 2వ తేదీ సాయంకాలమున ఒడిషాలోని బహనాగా బజారు స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధానమార్గమును వీడి, లూపులైనులో ఇనుపఖనిజముతో నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించిరి. విశాఖపట్టణము, బెజవాడల మీదుగా చెన్నపట్టణము చేరు బండి యగుటచే ఈ దుర్ఘటన తెలుగువారికి పరాయిది కాదు. సిగ్నలు పనులలోని లోపములే దీనికి మూలమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. తప్పెచ్చట జరిగినదను ప్రశ్నకు జవాబు దొరకినది. బండి ఢీకొన్న పిదప పెట్టెలోని మనుష్యుడు ఏల బ్రతుకలేదను ప్రశ్న మాత్రము పెక్కుమందికి తోచనే లేదు.

ఈ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పగల సాధనము నేడు కలదు. పెట్టెయొక్క రేకులను, దూలములను, అతుకులను కంప్యూటరులో లక్షలాది తునకలుగా విభజించి, ఉక్కు ఎంతవరకు సాగునో, ఎప్పుడు తెగునో ముందుగా కొలిచి యందించినచో, ఢీకొన్న ప్రతి క్షణార్ధమునను ఏ తునక యెంత వంగునో యంత్రము గణించి చూపును. ఒక్క పెట్టెనైన పగులగొట్టకుండ నూరు విధములైన ప్రమాదములను పరిశీలింపవచ్చును. ఐరోపాలో 2008లో వెలువడిన ఈ.ఎన్. 15227 అను ప్రమాణము, గంటకు 36 కి.మీ. వేగమున తనవంటి బండినే ఢీకొన్నను, 80 టన్నుల వాగనును ఢీకొన్నను ప్రయాణికులుండు చోటు నలుగరాదని విధించి, దీనిని నిరూపించుటకు ఇట్టి గణనను అంగీకరించినది.

అయితే యంత్రము తనకు చెప్పినదానినే నమ్మును. అతుకు గట్టిదన్నచో గట్టిదనియే యెంచును. వర్క్‌షాపులో వెల్డింగు ఎట్లు పడినదో, ఏండ్ల తరబడి తుప్పు ఎంత తినివేసినదో దానికేమి తెలియును? కావుననే అమెరికాలోని ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వారు కొలరాడో రాష్ట్రమున ప్యూబ్లో వద్ద నిజమైన బండ్లను ఢీకొట్టించి తమ గణనను సరిచూచుకొనిరి. 2002లో పాతరకపు పెట్టె గంటకు సుమారు 48 కి.మీ. వేగమున పోయి, నిలిచియున్న బండి ఇంజనుపైకెక్కి దాదాపు 22 అడుగుల మేర నలిగినది. కొనలు తామే నలిగి తాకిడిని మ్రింగునట్లు మార్చిన పెట్టె 2006లో అట్టి తాకిడికే సుమారు 3 అడుగులు నలిగినది. ప్రయాణికుల చోటు నిలిచినది. ఉక్కును మందము చేసిన చాలుననువారు ఈ రెండంకెలను గమనింతురు గాక.

మనదేశమున 1955 నుండి పెరంబూరులో తయారైన ఐ.సి.ఎఫ్. పెట్టెల నిర్మాణమును 2018లో ఆపి, జర్మను నమూనాపై ఎల్.హెచ్.బి. పెట్టెలను చేయుచుండుట మెచ్చదగినదే. ఇవి ఒకదానిపై నొకటి సులభముగా ఎక్కవు. కాని కోరమాండల్ పెట్టెలును ఈ తరగతివే. నాటి వేగము గంటకు సుమారు 128 కి.మీ.; 36 కి.మీ. వేగముతో పోల్చినచో తాకిడి శక్తి 12 రెట్లకు మించును. అంతటి దెబ్బను పూర్తిగా కాచు పెట్టె యెచ్చటను లేదు. అంతమాత్రమున లెక్కయే వ్యర్థమనుట న్యాయము కాదు. దెబ్బలో అధికభాగము కొనలనున్న పెట్టెలపై పడును. మన ఎక్స్‌ప్రెస్ బండ్లలో ఇంజను వెనుకను, తోకయొద్దను తరచుగా తగిలించునవి జనరల్ పెట్టెలు. రిజర్వేషను జాబితాకు పేరెక్కని కూలీలు, కూర్చుండ చోటులేక తలుపుల కడ నిలుచువారు ప్రయాణించునది వానిలోనే. అదే యేడు అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద ప్యాసింజరుబండిని మరియొకటి వెనుకనుండి ఢీకొన్నప్పుడు దెబ్బ తోకపెట్టెలపై పడినది. సీటున ఒక్కొక్కరే కూర్చుండిరని చేసిన గణన ఇట్టి పెట్టెలకు చాలునా? క్రిక్కిరిసిన జనమును, నెత్తిమీది సామానును లెక్కలో చేర్పవలదా?

ఢీకొనకుండ కాపాడు ‘కవచ్’ను ప్రభుత్వమువారు విస్తరింపజేయుట అవశ్యము. అది విఫలమైన నాడు మిగులునది పెట్టెయే. ప్రతి ప్రమాదము పిదపను నలిగిన పెట్టెలను తుక్కుకు పంపక ముందే కొలిపించి, ఆ కొలతలతో యంత్రగణనను సరిచూచి, విచారణ నివేదికతోపాటు ప్రకటింపవలెను. మన పార్లమెంటు సభ్యులు ఈ లెక్కలను సభలో అడుగవలెను. అందును మొదట అడుగవలసినది ఇంజను వెనుకనుండు జనరల్ పెట్టెను గూర్చి.