అప్పు మాఫీయా, వడ్డీకి కట్టడియా?

క్రెడిట్ కార్డు బాకీలను ప్రభుత్వము కొట్టివేయవలెనని మన సంఘము తీర్మానించి పంపవలెనని కొందరు సభ్యులు, ముఖ్యముగా యువకులు, పట్టుబట్టుచున్నారు. వారి బాధ మాకు తెలియనిది కాదు. అత్తిముగం, బేరికె, బాగలూరు పల్లెల నుండి హోసూరు సిప్కాట్ కర్మాగారములకు పోవు పిల్లలలో ఈ బాకీలలో చిక్కినవారు ఉన్నారు. తాతల నాడు పొలము తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు ఊరందరికి తెలిసెడిది. ఈ అప్పు కన్నతల్లికి కూడ తెలియదు. వసూలుదారు ఫోను చేసిననాడే తెలియును. అయినను ఆ తీర్మానమునకు మేము సమ్మతింపజాలము.

మాఫీ యనగా నేమి? బాకీ గాలిలో కలిసిపోదు. ప్రభుత్వము మన బదులు బ్యాంకునకు చెల్లించును. అసలుతోపాటు, ఏ వడ్డీని అన్యాయమని మనము మొరపెట్టుచున్నామో ఆ వడ్డీని కూడ బ్యాంకు పువ్వులలో పెట్టి పుచ్చుకొనును. ఆ ధనమెవరిది? కార్డు ముఖమే చూడని కూలివాడు సబ్బుబిళ్ళ కొన్నను పన్ను కట్టుచున్నాడు. వాని సొమ్ము తెచ్చి బ్యాంకు పెట్టెలో పోయుడని మనము తీర్మానింపవలెనా?

మాఫీల తీరు మనమెరుగనిది కాదు. 2008లో కేంద్ర ప్రభుత్వము రైతుల బాకీలను రద్దు చేసినది. అర్హులు కొందరు మిగిలిపోయిరనియు, అనర్హులు కొందరు లాభపడిరనియు 2013లో కాగ్ నివేదికయే చెప్పినది. 2021లో మన తమిళనాడున సహకార సంఘములలో ఐదు సవరనుల లోపు నగలపై తెచ్చిన అప్పులను మాఫీ చేసెదమనిరి. విచారణలో లక్షలమంది అనర్హులని తేలిరి. కూలిచేసి గడువునకు ముందే నగ విడిపించుకొన్న ఇల్లాలికి దక్కినది శూన్యము. బాకీ తీర్చుట తెలివితక్కువ పని యని ప్రభుత్వమే బోధించినట్లాయెను.

ఇంతవరకు చదివి మా తోడి వర్తకులు కొందరు సంతోషింపవచ్చును. "తిన్నవాడు కట్టవలసినదే" యనుట వారి వాదము. వారితోను మాకు పేచీ యున్నది. బాకీదారుడు యాబదివేలు వాడుకొన్నాడనుకొందము. వడ్డీ నెలకు మూడున్నర రూపాయలు, అనగా ఏటికి నూటికి నలుబదిరెండు. బిల్లులో కనీస మొత్తము నూటికి ఐదు చొప్పున రూ. 2,500 అని వ్రాసియుండును. కుర్రవాడు అది కట్టి నిశ్చింతగా నిద్రపోవును. అందులో వడ్డీకి రూ. 1,750 పోయినది. ఆ వడ్డీపై నూటికి పదునెనిమిది చొప్పున జి.ఎస్.టి. రూ. 315 పోయినది. అసలులో తగ్గినది రూ. 435 మాత్రమే! పైగా పాత బాకీ నిలిచియుండగా క్రొత్తగా కొన్న వస్తువునకు కొన్ననాటి నుండియే వడ్డీ. ఇట్టి పద్దు మనలో నెవరైన చేతి ఖాతా పుస్తకమున వ్రాసిన, గిరాకీదారులు మన అంగడి మెట్లెక్కుదురా? ఆ రూ. 315 మాట మరువరాదు. ఈ వడ్డీలో ప్రభుత్వము కూడ పాలికాపు.

వీథిలో కందువడ్డీ, మీటరు వడ్డీ తీయువానికి 2003లో మన రాష్ట్రము చట్టము చేసి చెర చూపినది, మంచిదే. కాని బ్యాంకు వడ్డీ అధికమను కారణమున న్యాయస్థానము ఆ పద్దును తిరుగదోడరాదని 1984లో బ్యాంకింగు నియంత్రణ చట్టమున 21-ఎ అను సెక్షను చేర్చిరి. ఏటికి ముప్పదికి మించిన కార్డు వడ్డీ అన్యాయ వ్యాపారమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను చెప్పగా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూచుకొననిమ్మనినది. రిజర్వు బ్యాంకు ఇంతవరకు కార్డు వడ్డీకి అంకె రూపమున హద్దు గీయలేదు.

హద్దు గీయుట అసాధ్యమందురా? మన హోసూరు చెంతనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, మద్రాసు ప్రధానిగా 1938లో రైతు రుణ విమోచన చట్టము చేసెను. నాడు సేలము జిల్లాలోనున్న మన ప్రాంతమునకును, ఆంధ్ర జిల్లాలకును అది వర్తించినది. 1932 అక్టోబరునకు పూర్వపు బాకీలపై నిలిచియున్న వడ్డీ రద్దు. అసలు మాత్రము చెల్లింపవలెను. అసలుకు రెండింతలు అదివరకే ముట్టియుండిన బాకీయే లేదు. క్రొత్త అప్పులకు వడ్డీ ఏటికి ఆరుంబావలా. ఖజానా నుండి తెచ్చి అప్పిచ్చినవానికి పోయలేదు. కొండవలె పెరిగిన వడ్డీని మాత్రము నరికిరి. వడ్డీ అసలును మించరాదనుట మితాక్షర నాటి ధర్మము, రాజాజీ క్రొత్తగా కనిపెట్టినది కాదు. అప్పిచ్చిన వర్తకులు ఆనాడు గగ్గోలు పెట్టిరి. ఇక అప్పు పుట్టదనిరి. ఆ భయమున కొంత నిజము లేకపోలేదు. కాని నెలకు మూడున్నర రూపాయలు ఇచ్చిననే పుట్టు అప్పు పుట్టకపోయిన మన పిల్లలకు నష్టమేమి?

"పెద్ద కంపెనీల బాకీలు వదలుచున్నారు గదా, మావి వదలరాదా?" యని యువకులడుగు ప్రశ్న సమంజసమైనది. 2016 దివాలా చట్టమున కంపెనీలు కొంత చెల్లించి బయటపడు దారి యున్నది. సామాన్య బాకీదారులకై అదే చట్టమున వ్రాసిన భాగమును మాత్రము అమలులోనికి తేలేదు. ఐ.పి. పెట్టదలచినవాడు నేటికిని 1920 నాటి చట్టమునే పట్టుకొని వ్రేలాడవలెను. యువకులు గట్టిగా అడుగవలసినది ఆ దారి, దానము కాదు.

వసూలుదారుల ఆగడము వేరు సంగతి. ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయరాదు. బంధుమిత్రులయెదుట పరువు తీయరాదు. అడుగనివానికి కార్డు అంటగట్టరాదు. ఇవి రిజర్వు బ్యాంకు నియమములే. అతిక్రమించిన మొదట బ్యాంకునకు వ్రాయవలెను. ముప్పది దినములలో తగిన సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌నకు ఉచితముగా ఫిర్యాదు చేయవచ్చును. ఇంట తెలుగు తప్ప వేరు చదువనివారికి ఒప్పందపు షరతులు తెలుగున ఇవ్వవలెనని కూడ మన సంఘము కోరవలెను. భాషా అల్పసంఖ్యాకుల సంఘము ఆ మాట యనకున్న మరి యెవరందురు?

తీర్మానము పంపుదము. వడ్డీ అసలును మించరాదనియు, 21-ఎ సెక్షను నుండి కార్డు బాకీలను తొలగింపవలెననియు, వడ్డీపై జి.ఎస్.టి. ప్రభుత్వము వదలుకొనవలెననియు, దివాలా చట్టపు మిగిలిన భాగమును అమలుపరుపవలెననియు అందులో వ్రాయుదము. మాఫీ యను మాట అందులో చేరిన మేము సంతకము చేయము. భిన్నాభిప్రాయము గలవారు వచ్చు సమావేశమునకు తమ బిల్లులు వెంటతెచ్చి, లెక్క వేసి చూపి, మాతో వాదింప కోరుచున్నాము.