మందు కొట్టేముందు ఆకు తిప్పి చూద్దాం

పత్తిలోనో మిరపలోనో లేత చిగుళ్లకు పేనుబంక కనిపించగానే మన చెయ్యి మందు ట్యాంకు మీదికి పోతుంది. ఆ చెయ్యిని కాసేపు ఆపమని రైతు అన్నలను, అక్కలను అడగడానికే ఈ కరపత్రం. ముందు ఆకు తిప్పి చూడండి. నిలబెట్టి గుచ్చినట్టు గుంపుగా పసుపుపచ్చ గుడ్లు ఉంటాయి. వాటి పక్కనే నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలాంటి పిల్లపురుగు పేనుబంకను ఒక్కొక్కటే పట్టి నములుతుంటుంది. చీడ అనుకుని దీన్ని నలిపేసేవాళ్లు చాలామంది. అది అక్షింతల పురుగు పిల్ల. పెరిగే రోజుల్లో వందలకొద్దీ పేనుబంకను తింటుంది. నారింజ రెక్కల మీద నల్లని వంకర గీతలుండే దాని తల్లి మన నేల మీద పుట్టిన జాతే, డబ్బు పెట్టి తెచ్చుకోనక్కర్లేదు.

మందు రెండింటినీ చంపుతుంది గానీ రెండూ ఒక్కలా కోలుకోవు. పేనుబంక మగదానితో పనిలేకుండానే పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని పెడతాయి. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే మందు కొట్టిన చేలోకి చీడ ముందొస్తుంది, దాన్ని తినేది ఉండదు, ట్యాంకు మళ్లీ భుజానికెక్కుతుంది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదే పదే కొట్టాక తెల్లదోమ చేతిలో ఎంత నష్టపోయారో ఆ ప్రాంతం మరిచిపోలేదు.

చూస్తూ కూర్చుంటే పంట పోదా అంటారు. కూర్చోమనడం లేదు, లెక్కపెట్టమంటున్నాం. రెండు చీడ పురుగులకు ఒక మిత్ర పురుగు కనిపిస్తే ఆగవచ్చని సస్యరక్షణ శిక్షణల్లో చెప్పే లెక్క. అంతకు తగ్గితే ముందు వేపగింజల కషాయం చూడాలి. కాయలో దూరిన గులాబీరంగు పురుగును అక్షింతల పురుగు తినలేదు, నిజమే, దాని సంగతి వేరు. వంగ ఆకుల్ని గీకి జల్లెడ చేసే అక్షింతల పురుగు మాటేమిటన్నది ఇంకా సరైన ప్రశ్న. పేరొకటే అయినా అది వేరే జాతి: సన్నని నూగుతో మెరుపు లేకుండా ఉంటుంది, పిల్ల పసుపుపచ్చగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఈ తేడా పొలంలో చూపించాల్సింది వ్యవసాయ సిబ్బంది. రైతు సేవా కేంద్రమైనా రైతు వేదికైనా వారానికో ఉదయం ఊరి చేలో 20 మొక్కలు తిప్పిచూసి, ఆ లెక్కను బోర్డు మీద రాయాలి. మనం గట్ల మీద అలసంద వేద్దాం. దాని మీది పేనుబంక కోసం అక్షింతల పురుగులు ముందే వచ్చి, పత్తికి చీడ పట్టేనాటికి పక్కనే ఉంటాయి.