తాళమునకు గడువు

కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగు రైలుమార్గము 1960వ దశకమున ఒంటిదారిగా నిర్మింపబడినది. బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరువరకు సొరంగముల వరుసయే. అట్టి దారిలో ఒక విభాగమున ఒక్క బండియే ఉండవలెను. పూర్వము ఒంటిదారులలో ఈ నియమమును కాపాడినది డ్రైవరు చేతికిచ్చు టోకెను. 1965లో డైక్‌స్ట్రా కంప్యూటరు ప్రోగ్రాములకు కోరినదియు ఇట్టి కట్టుబాటునే. దానిని సాధించు తాళమునకు నేటి పేరు మ్యూటెక్స్.

టోకెను తిరిగి రానిచో రెండవ బండి ఎంతసేపు నిలువవలెను? పలు యంత్రములపై నడచు సీ లైబ్రరీ వ్రాయబూనిన మన విద్యార్థులు ఇచ్చటనే తడబడుచున్నారు. (తెలుగు పాఠము చెప్పువానికి ఈ ఊసేల అందురేమో, వారి వ్యాసములు దిద్దునది నేనే!) విండోస్ “ఇన్ని మిల్లీసెకన్లు” అని గడువడుగును, పోసిక్స్ “ఫలానా క్షణము వరకు” అని అడుగును. నడుమ గడియారమును సవరించిరా, ఆ రెండవ గడువు తప్పును. కొన్ని వ్యవస్థలలో ఆ సదుపాయమే లేదు. అందుచే కొందరు కాసేపు నిద్రించి మరల తలుపు తట్టు పద్ధతిని ఆశ్రయింతురు. నాకది నచ్చదు, వంతు తప్పును, కాలము వృథా. కండిషన్ వేరియబుల్‌పై వేచియుండుట మేలు.

అంతకన్న పెద్ద దోషము వేరొకటి కలదు. “గడువు తీరినది” అను జవాబును చూడకయే లోనికి చొచ్చుట! అడిగితిని. “పరీక్షలో ఎన్నడును తప్పు రాలేదు సార్” అనిరి. పరీక్షించిననాడు నడచినది ఒక్క థ్రెడ్డే.