‘పైగా ఎయిర్‌బ్యాగ్ ఉంది!’

దసరాకి ఊళ్ళకి పోయే కార్లు చూడాలంటే సదాశివనగర్ దగ్గర 44వ నంబర్ హైవే పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు. ముంగట సీట్లో అమ్మ, ఆమె ఒళ్ళో పిలగాడు. అడిగితే ‘పట్టుకునే ఉన్నాం కదా, పైగా ఎయిర్‌బ్యాగ్ ఉంది’ అంటారు. ఆ ‘పైగా’ దగ్గరే నా పేచీ.

2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో, అట్లనే ముంగట సీట్లో తల్లి ఒళ్ళో కూర్చున్న రెండేళ్ల పాప ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడంతో చనిపోయింది. ‘లక్షల్లో ఒకటి’ అనేసి వదిలేయొచ్చు. కానీ ఏ లక్షల్లో? దేశంలోని కార్లన్నిటితో భాగిస్తే రిస్క్ సున్నాలాగే కనబడుతుంది. హారంలో ఉండాల్సింది ఒళ్ళో పిల్లతో ఎదురుగా గుద్దుకున్న కార్లు మాత్రమే.

అమెరికాలో దీనికి దగ్గరి లెక్క ఒకటి వేశారు. 1997లో ‘జామా’ అనే వైద్య పత్రికలో వచ్చింది. చిక్కేంటంటే, వాళ్ళ చేతిలో ఉన్నది మరణాలు జరిగిన ప్రమాదాల డేటా. అందరూ బతికి బయటపడ్డ యాక్సిడెంట్లు అందులో ఉండవు. అందుకని డ్రైవర్‌నే కొలబద్దగా పెట్టుకున్నారు. కొన్ని కార్లలో డ్రైవర్‌కి మాత్రమే బ్యాగ్, కొన్నిట్లో పక్క సీటుకి కూడా. డ్రైవర్ల మరణాలతో పోలిస్తే పక్క సీటు మరణాలు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని చూశారు. (ఎమ్‌త్రీలో ఈ ఒక్క ఉదాహరణ చెప్పుంటే కండిషనల్ ప్రాబబిలిటీలో సగం బ్యాక్‌లాగులు ఉండేవి కాదు.)

ఎదురుగా గుద్దుకున్న ప్రమాదాల్లో పక్క సీటు మరణాలు మొత్తమ్మీద 18 శాతం తగ్గాయి. అదే డేటాలో పదేళ్ల లోపు పిల్లల్ని విడిగా తీస్తే, రిస్క్ 34 శాతం పెరిగింది! పెద్దవాళ్ళు ఎక్కువమంది కాబట్టి పిల్లల లెక్క సగటులో మునిగిపోయింది.

అవి పాత బ్యాగులు, 1998 మోడళ్ల నుంచి అక్కడ జోరు తగ్గించారు. కాబట్టి ఆ 34ని తెచ్చి మన కార్లకు అంటించలేం, నిజమే. కానీ ఏ బ్యాగైనా సెకనులో ఇరవయ్యో వంతు లోపే ఉబ్బాలి, లేకపోతే పెద్దవాళ్ళని కూడా కాపాడలేదు. ఒళ్ళో పిల్ల తల సరిగ్గా ఆ దారిలోనే ఉంటుంది.

మన దగ్గర కొత్త మోడళ్లకు పక్క సీటు బ్యాగ్ 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. మంచిదే. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో ఉండాలన్న 194బి సెక్షన్ 2019 సవరణలోనే వచ్చింది, వెయ్యి రూపాయల జరిమానాతో సహా. హెల్మెట్ కోసం బండి ఆపడం రోజూ చూస్తాం, దీనికోసం కారు ఆపడం నేనైతే చూడలేదు.

బ్యాగ్ తీసేయమని అనట్లేదు, 18 శాతం చిన్నదేం కాదు. పిల్లని వెనక సీటుకి పంపండి, మరీ చిన్నదైతే చైల్డ్ సీట్లో. ఈ పండక్కి అక్కాబావలు కారు తీస్తే, ముంగట కూర్చుంటానని ఏడ్చే మేనల్లుడిని ఏమార్చే డ్యూటీ మనదే.