బార్డర్ కోలీ: పనివలన వచ్చిన పేరు

మన పల్లెలలో గొల్లలు మందవెంట నుంచుకొను కుక్క ముఖ్యముగా కావలికుక్క. తోడేలు వచ్చినచో మొఱుగును, తఱుమును. మందను మరల్చు పని మాత్రము గొల్లవాని కఱ్ఱదియు, నోటిదియును. ఇంగ్లాండు, స్కాట్లాండుల సరిహద్దు కొండలలో బుట్టిన బార్డర్ కోలీ యట్లుగాదు. అది మందను దానే తోలుకొని వచ్చును. ఇట్టి కుక్కకు రూపమును బట్టి వెలకట్టుట తప్పని నా యభిప్రాయము.

కాపరి యీల వేయగానే యీ కుక్క గొఱ్ఱెలను బెదరింపక, దూరముగా వంపు తిరిగి పరుగెత్తి మంద వెనుకకు జేరును. పిమ్మట తల వంచి, మేను నేలకు దించి, పొంచిన పిల్లివలె ఱెప్పవాల్చక చూచుచు మెల్లగా ముందునకు సాగును. మొఱుగుట యరుదు. ఆ చూపునకే గొఱ్ఱెలు కదలును. ఇది తోడేలి వేటబుద్ధియే. చంపుట యను కడపటి భాగము మాత్రము తరతరముల పెంపకముచే నణగినది. "కమ్ బై" యన్నచో గడియారపు ముల్లు తిరుగు వైపునను, "అవే" యన్నచో దాని కెదురుగాను మందను జుట్టివచ్చును. (డ్రిల్లులో కుడియెడమలు తడబడు మన బాలురు దీనిని గమనింతురు గాక!)

1893లో నార్తంబర్లాండున ఆడం టెల్ఫర్ అను నతని యొద్ద ఓల్డ్ హెంప్ అను కుక్క జన్మించెను. తండ్రి సాధువు, తల్లి తీక్ష్ణమైన చూపు గలది, బిడియపుది. ఈ రెండును గలిసి హెంపునందు నెమ్మదియు బలమును గల పనితనమాయెను. నేటి కోలీలలో బెక్కింటి వంశము దానిని జేరుచున్నది. 1906లో నేర్పడిన అంతర్జాతీయ గొఱ్ఱెలకుక్కల సంఘమువారు ఈ వంశావళులను వ్రాసియుంచుచున్నారు.

1976లో బ్రిటనునందును, 1995లో అమెరికాయందును కెన్నెల్ క్లబ్బులు దీనిని అందపు ప్రదర్శనలకు స్వీకరించెను. అమెరికాలో పనికుక్కల యజమానులు తీవ్రముగ నెదిర్చిరి. ప్రదర్శనవలన హాని యేమని కొంద ఱడుగుదురు. వెండ్రుకల నిగనిగను జూచి జతగూర్చినచో ఆ చూపు, ఆ వివేకము కొన్ని తరములలో సన్నగిల్లును. బరిలో త్రాటిపట్టున నడచు కుక్కయందు వానిని బరీక్షించు నుపాయము లేదు. ఇక పట్టణపు ఇరుకింట గట్టివేయబడిన కోలీ, పనిలేక, సైకిళ్లను, మోటారులను, చిన్నపిల్లలను మందగా నెంచి తఱుమును. జనులు కుక్కను నిందింతురు గాని కొన్నవానిని నిందింపరు.

పైని జెప్పిన సంఘమువారి పద్ధతి నాకు నచ్చినది. వంశావళి లేని కుక్కయైనను పనియందును, కన్నుల పరీక్షయందును నెగ్గినచో పుస్తకమున జేర్చుకొను మార్గ మచట గలదు. చెవులు నిలిచినవా, వ్రాలినవా యని యెవరు నడుగరు.