కడుపులోని మిత్రులను కాపాడుకుందాం

సూక్ష్మజీవి అనగానే మనకు రోగమే స్ఫురిస్తుంది. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల చరిత్ర ఎరిగినవారికి అట్లా తోచడం సహజమే. కాని అది అర్ధసత్యం మాత్రమేననీ, ఆ అర్ధసత్యం మన విద్యార్థి లోకానికి కీడు చేస్తున్నదనీ మేము భావిస్తున్నాము.

గడ్డి మేసే గేదెను చూడండి. గడ్డిలోని సెల్యులోజును జీర్ణించుకొనే శక్తి దానికి స్వతహాగా లేదు. దాని కడుపులోని రూమెన్ అనే పెద్ద అరలో నివసించే సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలే గేదెకు శక్తి. మనం త్రాగే పాలు ఒక విధంగా ఆ కంటికి కానరాని కూలీల కష్టఫలమే.

మనిషి సంగతీ ఇంచుమించు ఇంతే. 2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మన దేహంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనివే. మనకు అరగని పీచును అవి అరిగిస్తాయి, కె విటమినును కొంత సమకూరుస్తాయి, హాని చేసే క్రిములకు చోటు దక్కనీయవు. అయితే మిత్రుడెవరో శత్రువెవరో పేరును బట్టి చెప్పలేము. 1885లో ఎషెరిక్ వర్ణించిన కోలై బాక్టీరియాలో అనేక రకాలు ప్రేగులో నిరపాయంగా ఉంటాయి. కొన్ని రకాలు తీవ్రమైన విరేచనాలు కలిగిస్తాయి.

యాంటీబయాటిక్ మందుకు ఈ భేదం తెలియదు. మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడి ఎందరికో ప్రాణదానం చేసింది. 1950లో అదే సంస్థకు చెందిన స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే శాస్త్రజ్ఞులు ఆ మందు కలిసిన మేతతో పశుపక్ష్యాదులు త్వరగా పెరుగుతాయని ప్రకటించారు. మేతలో మందు కలపడం దేశదేశాలకు వ్యాపించింది. మందుకు లొంగని క్రిములు బలపడ్డాయి. ఆ భయంతోనే మన ప్రభుత్వం 2019లో, ఆహారానికై పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడరాదని నిషేధించింది.

కోళ్ల విషయంలో తప్పని తేలినది మన విషయంలో ఒప్పవుతుందా? జలుబు చేస్తే చాలు, మందుల దుకాణంలో రెండు మాత్రలు అడిగి మ్రింగడం మనలో పలువురికి అలవాటు. జలుబుకు కారణం వైరస్; ఆ మాత్ర దానిని తాకనైనా తాకదు, ప్రేగులోని మిత్రులను మాత్రం చంపుతుంది.

"డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని పేద విద్యార్థి ఏమి చేయాలి?" అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేరం విద్యార్థిది మాత్రమే కాదు. కనుక కళాశాల కమిటీ వారికి మా మనవి: వారానికొకసారి హాస్టలుకు వైద్యుని రప్పించండి. త్రాగునీటి ట్యాంకును క్రమం తప్పక కడిగించండి. భోజనశాల వద్ద సబ్బు, గదులలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచండి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితోనే కలరా రోగులను వేల సంఖ్యలో బ్రతికించారు. ఇది ఖర్చుతో కూడిన కోరిక కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! వైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పినన్ని దినాలు వాడండి. వ్రాయని మందును ముట్టకండి. శత్రువుపై ఎక్కుపెట్టవలసిన బాణాన్ని మిత్రులపై వదిలితే, రేపు నిజమైన శత్రువు వచ్చిననాడు మన అమ్ములపొది ఖాళీగా ఉంటుంది.